జేమ్స్‌టౌన్ వకీలు: రాబర్ట్ జాక్సన్ ప్రాసిక్యూటర్ జీవితం



ఈరోజు మనం ఎవరిని తలచుకోవడానికి కూడామో, ఆ మా సీనియర్ గారు మొదట డిఫెన్స్ వకీలు, తర్వాత పబ్లిక్ ప్రాసిక్యూటర్. పీపీ అయ్యాక కూడా చార్జిషీటు చేతికి రాగానే ఒకసారి ముద్దాయి వైపు నుంచి చదివేవారు. 161 స్టేట్‌మెంట్ల అంచుల్లో పెన్సిల్‌తో చిన్న చిన్న ప్రశ్నలు రాసుకునేవారు. "ఇతను ఆ వేళప్పుడు అక్కడెందుకున్నాడు? చీకట్లో ముఖం ఎలా గుర్తుపట్టాడు? మూడు రోజులదాకా ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" వాటికి జవాబు దొరికేదాకా ఆ సాక్షిని బోనెక్కించడానికి ఆయన మనసు ఒప్పేది కాదు. కేసులు పోగొడుతున్నారని ఆయన మీద నింద కూడా పడింది. ఆయన పట్టించుకోలేదు.

అందుకే ఈ ఉపన్యాసానికి పిలుపు వచ్చినప్పుడు, వకాలతు నుంచి ప్రభుత్వ ప్రాసిక్యూషన్‌లోకి వెళ్లిన ఒక అమెరికన్ గురించి మాట్లాడాలనిపించింది. ఆయన రాబర్ట్ హౌవట్ జాక్సన్. న్యూరెంబర్గ్ విచారణ గురించి చదివినవారికి ఆ పేరు తెలిసే ఉంటుంది. న్యూరెంబర్గ్‌కు ముందున్న జాక్సన్ మనకు అంతగా పరిచయం లేదు. నాకు ఆయనంటే గౌరవం. ఆ గౌరవం ఉంది కాబట్టే, ప్రాసిక్యూటర్లకు ఆయన పెట్టిన నియమంతోనే ఆయన జీవితాన్నీ తూచి చూద్దామనుకుంటున్నాను.

జాక్సన్ 1892 ఫిబ్రవరి 13న పెన్సిల్వేనియాలోని స్ప్రింగ్ క్రీక్‌లో రైతు కుటుంబంలో పుట్టాడు. న్యూయార్క్ రాష్ట్రం పడమటి కొసన ఫ్రూస్‌బర్గ్ అనే పల్లెలో పెరిగాడు. కాలేజీ గడప తొక్కలేదు. పక్కనున్న జేమ్స్‌టౌన్‌లో బంధువైన ఒక వకీలు ఆఫీసులో చేరి, ఫైళ్లు మోస్తూ, నోటీసులు రాస్తూ, కోర్టులో కూర్చుని వింటూ పని నేర్చుకున్నాడు. ఆల్బనీ లా స్కూల్లో ఒక్క ఏడాది చదివాడు. ఇరవై ఒకటి నిండలేదని వాళ్లు డిగ్రీ ఇవ్వలేదు, సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. 1913లో బార్‌లో చేరాడు. లా డిగ్రీ లేకుండా అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా నియమితులైనవారిలో ఆయనే ఆఖరివాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఎక్కువగా జేమ్స్‌టౌన్‌లోనే ప్రాక్టీసు చేశాడు. అది ఫర్నిచర్ ఫ్యాక్టరీల ఊరు. అలాంటి ఊళ్లో వకీలు ఒక్క రకం కేసులకే అతుక్కుపోతే బండి నడవదు. వీలునామాలు, గట్టు తగాదాలు, బ్యాంకు బాకీలు, చిల్లర క్రిమినల్ కేసులు అన్నీ చూడాలి. ఈ రోజు ఎదిరి పక్షంగా నిలబడ్డవాడు రేపు మన కక్షిదారు కావచ్చు. అవతలి వకీలు ఆదివారం చర్చిలో పక్క బెంచీలోనే కూర్చుంటాడు. మన తాలూకా కోర్టుల్లో పెరిగినవారికి ఇదంతా ఎవరూ వివరించక్కర్లేదు. పైగా ఆ ప్రాంతమంతా రిపబ్లికన్ల కంచుకోట, జాక్సన్ ఇంటివాళ్లు డెమోక్రాట్లు. తన ఊళ్లోనే మైనారిటీ పక్షంలో ఉండి, అందరి కేసులూ పట్టి, అందరి మన్ననా పొందాడు. ప్రాసిక్యూటర్‌గా ఆయనకు అక్కరకొచ్చిన బుద్ధి అక్కడ ఏర్పడిందే.

రూజ్‌వెల్ట్‌తో జాక్సన్‌కు పాత పరిచయం ఉంది. ఆయన అధ్యక్షుడయ్యాక 1934లో జాక్సన్ వాషింగ్టన్ వెళ్లి, ఆదాయపు పన్ను శాఖకు ప్రధాన న్యాయవాదిగా చేరాడు. అక్కడ ఆయనకు తగిలిన పెద్ద కేసు ఆండ్రూ మెలన్‌ది. మెలన్ దేశంలోని అత్యంత ధనవంతుల్లో ఒకడు. 1921 నుంచి 1932 దాకా ముగ్గురు అధ్యక్షుల హయాంలో ఆర్థిక మంత్రి. అంటే పన్నులు వసూలు చేసే శాఖకే పెద్ద. 1931 పన్ను లెక్కల్లో నష్టం చూపించడానికి, తిరిగి తనవారి చేతికే వచ్చేలా షేర్లు అమ్మాడన్నది ఆయన మీద ఆరోపణ. మొదట క్రిమినల్ కేసు పెట్టాలని చూశారు. పిట్స్‌బర్గ్ గ్రాండ్ జ్యూరీ ఒప్పుకోలేదు. ఆ తర్వాత ప్రభుత్వం పన్ను అప్పీళ్ల బోర్డు ముందు 30 లక్షల డాలర్లకు పైగా బాకీ, జరిమానా అడిగింది. 1935లో ఎనభై ఏళ్ల మెలన్‌ను క్రాస్ చేసింది జాక్సనే. తీర్పు 1937 డిసెంబరులో వచ్చింది. అప్పటికి మెలన్ చనిపోయి కొన్ని నెలలైంది. మోసం జరగలేదని బోర్డు తేల్చింది. కొంత పన్ను మాత్రం ఆస్తి మీద పడింది.

ఈ కేసును నేను దాటేయలేను. ప్రభుత్వం పాత ప్రభుత్వంలోని పెద్దమనిషిని ఏరి పట్టుకుందా, లేక అంత ధనవంతుడైనా లెక్క చెప్పవలసిందేనని నిలబడిందా? చరిత్రకారులు రెండు విధాలుగానూ రాశారు. నా మట్టుకు సివిల్ కేసు న్యాయమైనదే. ఆ ఎత్తుగడలు ఇంకెంతోమంది ధనవంతులు వేస్తున్నవే, వాటి చట్టబద్ధత ఎక్కడో ఒక చోట తేలాలి. అంతకుముందు క్రిమినల్ కేసు కోసం పడిన తొందర, పత్రికల్లో చేసిన ప్రకటనలు మాత్రం నాకు నచ్చవు. ఆరేళ్ల తర్వాత జాక్సన్ ప్రాసిక్యూటర్లను హెచ్చరించినప్పుడు, పత్రికా ప్రకటనల మోతతో సాగే దర్యాప్తుల ప్రస్తావన అందులో ఉంది. మెలన్ కేసు జ్ఞాపకం ఆ మాటల వెనక ఉందని నా ఊహ.

పదవులు గబగబా వచ్చాయి. 1936లో పన్నుల విభాగానికి అసిస్టెంట్ అటార్నీ జనరల్, మరుసటి ఏడు గుత్తాధిపత్య నిరోధక విభాగం, 1938లో సొలిసిటర్ జనరల్. సుప్రీంకోర్టులో ఆయన వాదన విని న్యాయమూర్తి బ్రాండైస్, ఈ మనిషి జీవితాంతం సొలిసిటర్ జనరల్‌గానే ఉండాలన్నాడని చెప్పుకుంటారు. 1940 జనవరిలో అటార్నీ జనరల్ అయ్యాడు. దేశంలోని ఫెడరల్ ప్రాసిక్యూటర్లందరికీ పైవాడు.

ఈ ఫెడరల్ ప్రాసిక్యూటర్ ఎవరో జూనియర్ల కోసం చెప్పాలి. అమెరికాలో ప్రతి ఫెడరల్ జిల్లాకూ ఒక యూఎస్ అటార్నీ ఉంటాడు. 1789 నాటి చట్టంతో వచ్చిన పదవి. అధ్యక్షుడు నియమిస్తాడు, సెనేట్ ఆమోదించాలి. ఇప్పుడు జిల్లాలు 94. దర్యాప్తు సంస్థ కాగితాలు తెస్తుంది కాని, కేసు పెట్టాలా వద్దా, ఎవరి మీద, ఏ సెక్షన్ల కింద, ఎవరిని సాక్షిగా మార్చుకోవాలి అన్నది నిర్ణయించేది అతనే. గ్రాండ్ జ్యూరీ ముందుకు వెళ్లేదీ అతనే, అక్కడ డిఫెన్స్ వకీలుకు చోటు లేదు. మన పీపీ చేతికి చార్జిషీటు తయారై వస్తుంది. అక్కడ దాన్ని వండేవాడే ప్రాసిక్యూటర్.

అటార్నీ జనరల్ కుర్చీలో కూర్చున్న కొద్ది వారాలకే జాక్సన్‌కు పరీక్ష ఎదురైంది. స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షాన పోరాడటానికి మనుషుల్ని చేర్చుకున్నారని డెట్రాయిట్‌లో కొందరి మీద కేసు పెట్టి, 1940 ఫిబ్రవరిలో తెల్లవారుజామున ఇళ్ల మీద పడి పట్టుకెళ్లారు. ఆయనకు ముందున్న అటార్నీ జనరల్ హయాంలో కదిలిన కేసది. సాంకేతికంగా నేరమే, విదేశీ సైన్యానికి మనుషుల్ని చేర్చడం నిషిద్ధం. కాని ఆ యుద్ధం అప్పటికే ముగిసిపోయింది. ఆ పని చేసినవాళ్లు ఇంకా చాలామంది ఉండగా వామపక్షం వాళ్లు కొందరినే పట్టుకున్నారు. జాక్సన్ రోజుల్లోనే కేసు ఎత్తేయించాడు. కమ్యూనిస్టులంటే దేశం మండిపడుతున్న కాలంలో, కొత్తగా పదవిలోకి వచ్చినవాడు ఆ పని చేయడానికి గుండె ధైర్యం కావాలి. కేసు పెట్టినవాడి పేరు మర్నాడు పేపర్లో వస్తుంది. మానేసినవాడికి పేరు రాదు, అనుమానం మాత్రం వస్తుంది.

ఆ తర్వాత ఏప్రిల్ 1, 1940. వాషింగ్టన్‌లో న్యాయశాఖ భవనంలోని పెద్ద హాలు. దేశం నలుమూలల నుంచి వచ్చిన యూఎస్ అటార్నీల వార్షిక సమావేశం. అక్కడ జాక్సన్ మాట్లాడింది కొద్దిసేపే. వాళ్లను పొగుడుతాడని కూర్చున్నవారికి వాళ్ల చేతిలోని అధికారమే ఎంత ప్రమాదకరమో చెప్పాడు. అమెరికాలో మనిషి ప్రాణం మీద, స్వేచ్ఛ మీద, పరువు మీద ప్రాసిక్యూటర్‌కు ఉన్నంత పట్టు ఇంకెవరికీ లేదన్నాడు. ఎవరి మీదైనా దర్యాప్తు వేయించవచ్చు. అరెస్టు చేయించవచ్చు. రహస్యంగా కూర్చునే గ్రాండ్ జ్యూరీ చేత అభియోగం మోపించవచ్చు. విచారణకు ముందే కేసు వదిలేస్తే, ఆ మనిషికి తన నిర్దోషిత్వం చెప్పుకునే అవకాశమే ఉండదు.

అసలు మాట ఆ తర్వాత వస్తుంది. చట్ట పుస్తకాల్లో నేరాలు లెక్కలేనన్ని ఉన్నాయి. కాస్త వెతికితే దాదాపు ఎవరి మీదైనా ఏదో ఒక సాంకేతిక ఉల్లంఘన దొరుకుతుంది. అన్ని కేసులూ పెట్టడం ఎవరి తరమూ కాదు, కాబట్టి ప్రాసిక్యూటర్ ఎంచుకోక తప్పదు. ఎంచుకోవలసింది కేసులను. గిట్టని మనిషిని ముందు ఎంచుకుని, అతని మీద ఏ నేరం అతుకుతుందా అని పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టిన రోజు ఆ అధికారం విషమవుతుంది. అప్పుడు నేరమంటే పాలకులకో, ప్రాసిక్యూటర్‌కో నచ్చని మనిషై ఉండటమే. దేశద్రోహం, విధ్వంసం లాంటి గీతల్లేని ఆరోపణలు గాల్లో తిరిగే రోజుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువని ప్రత్యేకంగా చెప్పాడు. న్యాయం జరిగితే ప్రభుత్వం కేసు ఓడినా నిజంగా ఓడినట్టు కాదన్నాడు. అమెరికా సుప్రీంకోర్టు కూడా 1935లో బర్గర్ కేసులో దాదాపు ఇదే చెప్పింది. గట్టిగా కొట్టే హక్కు ప్రాసిక్యూటర్‌కు ఉంది, దొంగదెబ్బ కొట్టే హక్కు లేదు.

ఈ ప్రసంగాన్ని నేను ఎన్నిసార్లు చదివినా నన్ను పట్టి ఆపేది ఒక విషయం. మంచి ప్రాసిక్యూటర్ లక్షణాలు చెప్పాల్సి వచ్చినప్పుడు జాక్సన్ అవి నిర్వచనానికి లొంగవని ఒప్పుకున్నాడు. నియమావళి రాసి చేతులు దులుపుకోలేదు. పౌరుడికి రక్ష ఏమిటంటే, పట్టుదలకు తోడు మనిషి మీద దయ ఉన్నవాడు, బలి కోసం కాకుండా నిజం కోసం వెతికేవాడు, తన పనిని వినయంతో చేసేవాడు ఆ కుర్చీలో ఉండటమేనన్నాడు. ఇరవై ఏళ్లు జేమ్స్‌టౌన్ కోర్టుల్లో ముద్దాయి పక్కన, బాకీదారు పక్కన నిలబడ్డవాడికే ఆ మాట తోస్తుంది.

మరి ఆయన తన మాట మీద నిలబడ్డాడా? పూర్తిగా కాదు. 1940 మార్చిలో ఎఫ్‌బీఐ టెలిఫోన్లు దొంగచాటుగా వినడాన్ని ఆపించాడు. మే 21న రూజ్‌వెల్ట్ దేశరక్షణ పేరుతో అనుమతిస్తూ రహస్య ఆదేశం పంపాడు, ఒక్కో అనుమతినీ అటార్నీ జనరల్ చూసి ఇవ్వాలన్నాడు. జాక్సన్ ఆ జాబితా తన ఆఫీసులో ఉంచనన్నాడు. ఆ పుస్తకం ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ దగ్గరే ఉండిపోయింది. ఎవరి ఫోను వినాలో హూవర్‌కే వదిలేసినట్టయింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు హూవర్ ఏం చేశాడో లోకానికి తెలుసు. ఏప్రిల్‌లో అంత గొప్పగా మాట్లాడిన మనిషి మే నెలలో చూపు తిప్పుకున్నాడు. ఆయన మీద నాకున్న గౌరవం దీన్ని కప్పిపుచ్చడానికి ఒప్పుకోదు. అధికారం మన చేతిలో ఉన్నప్పుడు దాన్ని తప్పుగా వాడకపోవడంతో బాధ్యత తీరదు. ఇంకొకడి చేతికి లెక్కాపత్రం లేకుండా ఇవ్వడమూ తప్పే.

1941 జులైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. అక్కడి తీర్పులు వేరే ఉపన్యాసానికి సరిపోతాయి. జపాన్ సంతతి పౌరులను పశ్చిమ తీరం నుంచి తరిమేసిన ఉత్తర్వును 1944లో కోర్టు సమర్థించినప్పుడు ఆయన అసమ్మతి తీర్పు రాశాడని మాత్రం చెప్పి ముందుకు వెళ్తాను.

1945 మే 2న అధ్యక్షుడు ట్రూమన్ ఆయన్ను నాజీ నాయకుల విచారణకు అమెరికా తరఫున ప్రధాన ప్రాసిక్యూటర్‌గా నియమించాడు. అంతకు కొద్ది వారాల ముందే, ఏప్రిల్ 13న, జాక్సన్ అమెరికన్ అంతర్జాతీయ న్యాయ సంఘం సభలో ఒక మాట తేల్చి చెప్పాడు. నేరం రుజువు కాకపోతే ముద్దాయిని వదిలేయడానికి సిద్ధంగా లేకపోతే కోర్టు పెట్టొద్దు. చంపదలచుకుంటే చంపండి, ఆ పనికి కోర్టు పేరు వాడకండి అన్నది దాని సారం. యూరప్‌లో యుద్ధం ఇంకా ముగియలేదు, శవాల గుట్టలు అప్పుడప్పుడే బయటపడుతున్నాయి. వాళ్లను విచారణ లేకుండా కాల్చేయాలన్నవారు మిత్రదేశాల పెద్దల్లోనే ఉన్నారు. ఆ వేడిలో అన్న మాట అది.

న్యూరెంబర్గ్ న్యాయభవనం, 600వ నంబరు గది. 1945 నవంబరు 21న ఆయన ప్రారంభ వాదన. సాక్షుల కన్నీళ్ల కంటే నాజీల సొంత కాగితాల మీదే కేసు కట్టాలని జాక్సన్ నిర్ణయించాడు. వాళ్ల సంతకాలు, వాళ్ల ఉత్తర్వులు, వాళ్ల మినిట్స్. కథ రక్తి కట్టడం లేదని పత్రికలవాళ్లు విసుక్కున్నారు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ రుజువుల్ని ఎవరూ కదిలించలేకపోవడానికి కారణం ఆ నిర్ణయమే.

1946 మార్చిలో నాజీ నాయకుడు గోరింగ్ క్రాస్ ఎగ్జామినేషన్ మాత్రం చెడింది. జూనియర్లు దీన్ని శ్రద్ధగా చదవాలి. రైన్‌లాండ్‌ను తిరిగి ఆక్రమించడానికి రహస్య సన్నాహాలు చేశారని జాక్సన్ ఒక పత్రం చూపించాడు. అది సైనిక సమీకరణ వేళ రైన్ నదిలో పడవల్ని తొలగించడం గురించిన కాగితమని గోరింగ్ బోనులోంచి సరిదిద్దాడు. మరి దాన్ని రహస్యంగా ఎందుకు దాచారని జాక్సన్ అడిగితే, అమెరికా తన సమీకరణ ఏర్పాట్లను ముందుగా అచ్చువేసి పంచినట్టు నాకు గుర్తులేదన్నాడు. జాక్సన్ కోపం ఆపుకోలేక ఇయర్‌ఫోన్లు విసిరికొట్టాడని చూసినవారు రాశారు. సాక్షిని అదుపు చేయమని బెంచిని అడిగాడు, బెంచి నుంచి ఆశించిన ఆసరా దొరకలేదు. తర్వాత బ్రిటిష్ ప్రాసిక్యూటర్ మాక్స్‌వెల్ ఫైఫ్ చిన్న చిన్న ప్రశ్నలతో గోరింగ్‌ను కట్టేశాడు. అవతలివాడు దుర్మార్గుడని లోకమంతా ఒప్పుకున్నా సరే, పత్రం పూర్తిగా చదవకుండా క్రాస్‌కు లేవకూడదు.

1946 అక్టోబరు 1న తీర్పు. విచారణ ఎదుర్కొన్న 22 మందిలో 12 మందికి మరణశిక్ష, ముగ్గురికి యావజ్జీవం, నలుగురికి ఏళ్ల లెక్కన జైలు. షాఖ్ట్, ఫాన్ పాపెన్, ఫ్రిట్షే నిర్దోషులుగా బయటికి నడిచారు. షాఖ్ట్‌కు శిక్ష పడాలని జాక్సన్ గట్టిగా వాదించాడు, ఓడిపోయాడు. ఆ మూడు విడుదలలే ఆ విచారణ నాటకం కాదనడానికి పెద్ద సాక్ష్యం. 1945 ఏప్రిల్‌లో ఆయన పెట్టిన షరతు అక్కడ నెరవేరింది.

ఇక మన సంగతి. జాక్సన్ హెచ్చరిక మన దేశంలో ఎవరిని ఉద్దేశించాలి? అక్కడ ఆ అధికారమంతా ఒక మనిషి దగ్గర ఉంటుంది కాబట్టి నిలదీయడానికి ఒక ముఖం ఉంటుంది. ఇక్కడ మనం దాన్ని ముక్కలు చేసి పంచాం. కేసు కట్టేది పోలీసు. ఎవరి పేరు ఎఫ్ఐఆర్‌లో ఎక్కాలో, ఎవరిది జారిపోవాలో స్టేషన్‌లో తేలుతుంది. పీపీని అడిగితే చార్జిషీటు ఇలాగే వచ్చిందంటారు. దర్యాప్తు అధికారిని అడిగితే పైనుంచి చెప్పారంటారు. కేసు కొట్టేశాక బాధ్యత ఎవరి గుమ్మంలోనూ ఆగదు.

అయినా మన చట్టం పీపీకి చిన్న చోటేమీ ఇవ్వలేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 321వ సెక్షన్ గాని, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 360 గాని, కేసు ఉపసంహరణ పీపీ సొంత బుద్ధితో చేయవలసిన పని అంటాయి. ప్రభుత్వం పంపిన కాగితాన్ని కోర్టుకు చేర్చే పోస్టాఫీసులా పీపీ ఉండకూడదని సుప్రీంకోర్టు 2018లో ఒక కేరళ కేసులో చెప్పింది. జీవో వచ్చిన మర్నాడు పిటిషన్ పడటం మనం ఎన్ని జిల్లాల్లో చూడలేదు? ప్రభుత్వం మారగానే పీపీలు, జీపీలు మారిపోవడం ఎంత మామూలైందో ఈ హాల్లో ఎవరికి తెలియదు? ఉత్తరప్రదేశ్ 1990లో అన్ని జిల్లాల ప్రభుత్వ న్యాయవాదులను ఒక్క సర్క్యులర్‌తో తీసేస్తే, శ్రీలేఖా విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు స్ఫూర్తి నియామకాల దాకా రాలేదు.

మనం గర్వంగా చెప్పుకోదగిన తీర్పు ఒకటి మన హైకోర్టు నుంచే వచ్చింది. 1959లో మెడిచెట్టి రామకిష్టయ్య కేసు. హతుడి బంధువులు పెట్టుకున్న ప్రైవేటు వకీలే ప్రాసిక్యూషన్ నడిపేస్తే ఏమవుతుందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆలోచించింది. పీపీ అదుపు నిజంగా, అందరికీ కనబడేలా ఉండాలి, లేకపోతే విచారణ సొంత పగ తీర్చుకోవడానికి చట్టం తొడిగిన ముసుగవుతుందని చెప్పింది. నలభై ఏళ్ల తర్వాత 1999లో శివకుమార్ వర్సెస్ హుకుమ్‌చంద్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటల్నే ఆమోదంతో ఎత్తి చూపింది. ఎలాగైనా శిక్ష పడాలన్న దాహం పీపీకి ఉండకూడదని, ముద్దాయికి దక్కవలసిన మేలు డిఫెన్స్ వకీలు మరచినా పీపీ కోర్టు ముందు పెట్టాలని కూడా చెప్పింది. ఊరి పగలు తరాల పాటు మోసే మన ప్రాంతంలో ఆ తీర్పు అవసరం ఇంకా తీరలేదు.

జాక్సన్ 1954 మార్చిలో గుండెపోటుతో ఆసుపత్రి పాలయ్యాడు. మే 17న బడుల్లో జాతి విభజన చెల్లదన్న ఏకగ్రీవ తీర్పు చదివే రోజు, ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి బెంచి మీద కూర్చున్నాడు. అక్టోబరు 9న చనిపోయాడు. ఫ్రూస్‌బర్గ్‌లోనే ఖననం చేశారు.

జూనియర్లకు ఒక మనవి. మీలో కొందరు ఏపీపీ పరీక్షకు చదువుతున్నారని తెలుసు. కొందరు ప్యానెల్లో పేరు కోసం తిరుగుతున్నారు. సెక్షన్లు ఎలాగూ బట్టీపడతారు. వాటితోపాటు జాక్సన్ 1940 ఏప్రిల్ ప్రసంగం చదవండి, కొద్ది పేజీలే. 1959 నాటి మన హైకోర్టు తీర్పు చదవండి. బార్ లైబ్రరీలో రెండింటి ప్రతులూ తీయించి పెట్టమని కార్యదర్శి గారిని ఈ వేదిక మీదనుంచే కోరుతున్నాను. ఆ పదవి మీకు దక్కిన రోజున మీ బల్ల మీదకు వచ్చే మొదటి ఫైలును ముందు ముద్దాయి వైపు నుంచి చదవండి.